ఇల్లు కూతురిది, బిరుదు మేనల్లుడిది

(ఖమ్మంలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే చెప్పండి, గొంతు పెంచుతాను. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన గొంతే ఇది.

పశ్చిమ సుమత్రా గురించి మాట్లాడమన్నారు. ఇండోనేషియా అనగానే మనవాళ్ళు బాలి అంటారు. నేను చెప్పేది బాలి కాదు, జావా కూడా కాదు. భూమధ్యరేఖకి అడ్డంగా, ఏటవాలుగా పడుకున్న పెద్ద దీవి సుమత్రా. దాని పడమటి తీరం మధ్యలో ఈ రాష్ట్రం ఉంది. రాజధాని పడాంగ్. అక్కడి జనంలో అత్యధికులు మినాంగ్‌కబావు జాతివాళ్ళు. భూమధ్యరేఖ ఈ రాష్ట్రం గుండానే పోతుంది. బొంజోల్ అనే ఊళ్ళో దానికి గుర్తుగా ఒక కట్టడం కట్టారు. ఒక కాలు ఉత్తరార్ధగోళంలో, ఇంకో కాలు దక్షిణార్ధగోళంలో పెట్టి ఫొటో దిగొచ్చు. నా పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఆ గీతని బోర్డు మీద ఎన్నిసార్లు గీయించానో వాళ్ళని అడగండి.

వెళ్ళడం కష్టమేమీ కాదు. కౌలాలంపూర్‌లో విమానం మారితే పడాంగ్‌లో దిగుతాం. వీసా అక్కడ దిగాకే ఇస్తారు, 30 రోజులకి 5 లక్షలు. ఆగండి, ఆగండి, 5 లక్షల రుపియాలు. మన డబ్బులో 3 వేల లోపే. విమానాశ్రయం నుంచి బయటికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే దాని కప్పుకే దున్నపోతు కొమ్ముల్లాంటి కొసలు పైకి లేచి ఉంటాయి. అక్కడ మొదలవుతుంది. కలెక్టరాఫీసుకి కొమ్ములు, బ్యాంకుకి కొమ్ములు, హోటల్‌కి కొమ్ములు. కాంక్రీటు డబ్బా కట్టేసి పైన రేకు కొమ్ములు తగిలిస్తే నాకైతే నవ్వొచ్చింది. కానీ అసలు కొమ్ముల ఇల్లు చూశాక నవ్వు పోతుంది.

ఈ కొమ్ములకి ఒక కథ చెబుతారు. జావా నుంచి సైన్యం వచ్చిందట. యుద్ధం వద్దు, దున్నపోతుల్ని కొట్లాటకి దింపుదాం అనుకున్నారట. వాళ్ళు కొండంత దున్నని తెచ్చారు. వీళ్ళు పాలు మరవని దూడని ఆకలితో మాడ్చి, మూతికి ఇనప ముల్లు కట్టి వదిలారు. దూడ తల్లి అనుకుని పాల కోసం పొట్టకింద దూరింది. అంతే, పెద్ద దున్న పొట్ట చీరుకుపోయింది. చరిత్ర కాదు, కథే. బలం లేనివాడు బుద్ధితో గెలిచాడని చెప్పుకోవడం వాళ్ళకి ఇష్టం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ ఇంటిని రుమా గదాంగ్ అంటారు, పెద్దిల్లు. చెక్క ఇల్లు. స్తంభాల్ని నేలలో పాతరు, రాళ్ళ మీద నిలబెడతారు. చెక్కలకి మేకులు కొట్టరు, చీలలతో బిగిస్తారు. ఎందుకు? అది భూకంపాల నేల. 2009లో పడాంగ్ తీరంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చి 1,100 మందికి పైగా చనిపోయారు. నేల ఊగినప్పుడు ఇల్లు కూడా దాంతో పాటు ఊగాలి, విరగకూడదు. గోడలంతా చెక్కడాలు, సాయంత్రం వరసగా ఇంటికొచ్చే బాతులు, చుట్ట చుట్టుకున్న ఫెర్న్ చిగురు. ఇంటి ముందు ధాన్యపు గాదెలు, వాటికీ కొమ్ములే. పూర్వం కప్పు తాటిజాతి చెట్టు నారతో వేసేవారు, ఇప్పుడు చాలాచోట్ల రేకులే.

ఆ ఇల్లు ఎవరిది? తల్లిది. తల్లి తర్వాత? కూతుళ్ళది. కొడుక్కి ఇంట్లో గది లేదు. వినండి, గది లేదు. వెనకవైపు వరసగా ఉండే గదులు పెళ్ళయిన ఆడపిల్లలవి. కొత్తగా పెళ్ళయిన పిల్లకి చివరి గది ఇస్తారు. చెల్లెలికి పెళ్ళయితే అక్క ఆ గది ఖాళీ చేసి ఇంకో గదికి జరగాలి. మగపిల్లాడు కాస్త ఎదగగానే రాత్రి పడకకి సూరావుకి పోవాల్సిందే. సూరావు అంటే చిన్న ప్రార్థనాలయం. ఖురాను చదవడం, సిలాత్ అనే కర్రసాము లాంటి యుద్ధవిద్య, అన్నీ అక్కడే నేర్చుకునేవాళ్ళు. పెళ్ళయ్యాక భార్య ఇంటికి వెళ్తాడు, అల్లుడిగా. అల్లుడి గురించి వాళ్ళ సామెత ఏమిటో తెలుసా? మొద్దు మీది బూడిద. గాలి వీస్తే ఎగిరిపోతుంది! మన దగ్గర అల్లుడొస్తే కోడి కోస్తాం, అక్కడేమో బూడిద అంటారు.

ఇదంతా నేను పాత పద్ధతిగానే చెబుతున్నాను. ఇవాళ పడాంగ్‌లో, కొండల్లోని బుకిట్టింగి పట్నంలో మొగుడూపెళ్ళాలూ పిల్లలూ మామూలు ఇళ్ళల్లో వేరుగానే ఉంటారు. చాలా పెద్దిళ్ళకి తాళాలు. పండక్కో పెళ్ళికో తెరుస్తారు. కానీ ఆస్తి లెక్క మాత్రం మారలేదు. పొలం, ఇల్లు, చెరువు తరతరాలుగా వచ్చినవైతే ఆడపిల్లల వరసలోనే పోవాలి.

దీన్ని చూసి కొందరు ప్రమీల రాజ్యం అని రాసేస్తారు. అది తప్పు. ఆస్తి ఆమెది, కానీ దాని బాగోగులు చూసేది ఎవరు? ఆమె అన్నో తమ్ముడో. పిల్లలకి మేనమామ. ఆయన్ని మామక్ అంటారు. అక్కాచెల్లెళ్ళ పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, తగాదాలు ఆయన నెత్తినే. వంశపెద్దకి దాతుక్ అనే బిరుదు ఉంటుంది. అది కొడుక్కి రాదు, మేనల్లుడికి వస్తుంది. ఇల్లు కూతురికి, బిరుదు మేనల్లుడికి. కొడుకుగా మీకు నాన్న దగ్గర్నుంచి వచ్చేదేమిటి? ఆయన సొంతంగా సంపాదించింది. దాని గురించి తర్వాత చెబుతాను. మరి తండ్రికి పిల్లల మీద ప్రేమ ఉండదా అంటే, దానికీ ఒక సామెత ఉంది. కన్నబిడ్డని ఒళ్ళో పెట్టుకో, మేనల్లుణ్ణి చెయ్యి పట్టి నడిపించు.

ఇంకో సంగతి. ఈ హాల్లో మేనరికం చేసుకున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. మినాంగ్ వాళ్ళకి కూడా మేనరికం పాత ముచ్చటే. మామక్ కూతుర్ని చేసుకోవచ్చు, మేనత్త కూతుర్ని చేసుకోవచ్చు. నిషేధం ఒక్కటే, తమ వంశంలో చేసుకోకూడదు. వంశాన్ని సుకు అంటారు, అది తల్లి నుంచి వస్తుంది. మామక్ కూతురికి వాళ్ళమ్మ సుకు వస్తుంది కాబట్టి మనకి అడ్డు లేదు. మన దగ్గర గోత్రం తండ్రి నుంచి వస్తుంది, మేనమామ కూతురిది మేనమామ గోత్రం, మనది కాదు. అడ్డు లేదు. చూశారా? మనం తండ్రి వైపు నుంచి, వాళ్ళు తల్లి వైపు నుంచి లెక్కపెట్టి, ఇద్దరం మేనమామ గుమ్మం దగ్గరే తేలాం. నేను ఒక ఇంట్లో టీ తాగుతూ ఈ సంగతి సగం ఇంగ్లీషు, సగం చేతులతో చెబితే ఆ ఇంటావిడ పక్కింటావిణ్ణి కూడా పిలుచుకొచ్చింది. అక్కణ్ణుంచి నేను టూరిస్టుని కాదు, చుట్టాన్ని.

తరతరాల ఆస్తి అమ్మడానికి వీల్లేదు. తాకట్టు పెట్టొచ్చు, అదీ నాలుగే నాలుగు సందర్భాల్లో. ఇంట్లో శవం లేవాల్సి ఉండి చేతిలో డబ్బు లేకపోతే. ఎదిగిన పిల్లకి పెళ్ళి కాకపోతే. పెద్దిల్లు కారుతుంటే. వంశపెద్ద బిరుదు నిలబెట్టాల్సి వస్తే. చావు, పెళ్ళి, ఇల్లు, పరువు. మన తాతలు ఎకరం అమ్మింది కూడా వీటికే కదా? ఎవరో నవ్వుతున్నారు, అంటే మీ ఇంట్లో కూడా అమ్మారన్నమాట.

మరి వీళ్ళు గట్టి ముస్లిములు. రోజూ నమాజు, ఊరూరా మసీదు. ఇస్లాం వారసత్వ నియమం వేరు కదా, కొడుక్కి కూతురి కంటే రెట్టింపు వాటా. ఎలా కుదిరింది? ఊరికే కుదరలేదు. 19వ శతాబ్దం మొదట్లో మక్కా వెళ్ళొచ్చిన సంస్కర్తలకీ ఆచారవాదులకీ మధ్య పోరు మొదలైంది, అదే పద్రి యుద్ధం. మినాంగ్ వాళ్ళ పగారుయుంగ్ రాజకుటుంబంలో చాలామందిని సంస్కర్తలు చంపేశారు. వలసపాలకులైన డచ్చివాళ్ళు మధ్యలో దూరారు. చివరికి 1837లో బొంజోల్ కోట పడిపోయింది, అక్కడి నాయకుడు ఇమామ్ బొంజోల్‌ని ప్రవాసం పంపారు. ఆ రక్తపాతం తర్వాత వాళ్ళు చెప్పుకున్న మాట ఒకటుంది: ఆచారానికి పునాది షరియత్, షరియత్‌కి పునాది గ్రంథం. ఆస్తి దగ్గర మాత్రం వాదన ఆగలేదు. 1952లో బుకిట్టింగిలో మతపెద్దలు, వంశపెద్దలు, చదువుకున్నవాళ్ళు కూర్చుని తేల్చుకున్నారు. తరతరాల ఆస్తి ఆడవరసలో, స్వార్జితం షరియత్ ప్రకారం. ఇందాక చెబుతానన్నది ఇదే.

పడాంగ్‌లో పెద్ద మసీదు చూడండి. గుమ్మటం ఉండదు, కప్పు నాలుగు మూలలూ పైకి లేచి ఉంటాయి, కొమ్ముల ఇంటిని గుర్తుచేస్తూ. దానికి 2024లో షేక్ అహ్మద్ ఖతీబ్ పేరు పెట్టారు. ఆయన మక్కాలో ఇమాముగా ఉన్న మినాంగ్ పండితుడు. ఆస్తి ఆడవరసలో పోవడం తప్పని జీవితమంతా రాసినాయన! కొమ్ముల కప్పు కింద ఆయన పేరు. ఆ జనం ఎలాంటివాళ్ళో ఆ ఒక్క భవనం చూస్తే తెలుస్తుంది. వాదన వదలరు, మనిషినీ వదలరు.

ఇంట్లో గది లేని కుర్రాడు ఏం చేస్తాడు? ఊరు వదిలి పోతాడు. దాన్ని మెరాంతావు అంటారు. ఊళ్ళో నీ వల్ల ఇంకా ఉపయోగం లేదు, ముందు బయటికి పోయి రా అని పాటే ఉంది. అలా పోయినవాళ్ళు జకార్తాలో బట్టలమ్మారు, దేశమంతా హోటళ్ళు పెట్టారు, కొందరు దేశాన్నే నిలబెట్టారు. 1945 ఆగస్టు 17 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సుకర్ణోతో పాటు సంతకం పెట్టిన మహమ్మద్ హట్టా బుకిట్టింగివాడు. మొదటి ప్రధాని సుతాన్ షాహ్రిర్ పడాంగ్ పాంజాంగ్‌లో పుట్టాడు. 1947లో డచ్చి దిగ్బంధంలోంచి ఆ షాహ్రిర్‌ని విమానంలో తప్పించి తీసుకొచ్చింది ఎవరో తెలుసా? మన ఒడిశావాడు, బిజూ పట్నాయక్. ఆడవాళ్ళూ తక్కువ తినలేదు. కోతో గదాంగ్ అనే ఊళ్ళో పుట్టిన రోహనా కుద్దూస్ 1911లో ఆడవాళ్ళకి చేతిపనుల బడి పెట్టింది, 1912లో ఆడవాళ్ళ పత్రిక నడిపింది. ఆ ఊళ్ళో వెండి తీగపని ఇప్పటికీ చేస్తారు. కొనాలనుకునేవాళ్ళు అక్కడే కొనండి.

ఇక చూడాల్సిన చోట్లు. బుకిట్టింగిలో మకాం పెట్టండి, చల్లటి ఊరు. ఊరి మధ్యలో 1926లో కట్టిన గడియార స్తంభం, జామ్ గదాంగ్. దాని అంకెల్లో నాలుగుని రోమన్ పద్ధతిలో కాకుండా నాలుగు నిలువు గీతలుగా వేశారు, దగ్గరికెళ్ళి చూడండి. డచ్చివాళ్ళ కాలంలో పైన కోడిపుంజు ఉండేది, జపాన్‌వాళ్ళొచ్చి వాళ్ళ గుడి కప్పు పెట్టారు, స్వాతంత్ర్యం వచ్చాక కొమ్ములొచ్చాయి. ఊరి అంచునే సియానోక్ లోయ, దాని పక్కన జపాన్ సైన్యం తవ్వించిన సొరంగాలు. మనిన్‌జావు సరస్సు పాత అగ్నిపర్వతం కూలిన గుంటలో నిండిన నీళ్ళు. దాని దగ్గరికి దిగడానికి 44 మెలికలు, ప్రతి మెలిక దగ్గర నంబరు బోర్డు. వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకోండి. సరస్సులో చేపల బోనులు మరీ ఎక్కువైపోయాయి, ఒక్కోసారి అడుగున ఉన్న నీళ్ళు పైకి తిరగబడి చేపలన్నీ చచ్చి తేలతాయి. అందం గురించి చెప్పేవాళ్ళు ఆ సంగతి చెప్పరు. హరావు లోయ నిటారు కొండగోడల మధ్య వరిపొలాలు, ఒక పూట చాలు.

మరాపి కొండ దగ్గర మాత్రం జాగ్రత్త. 2,891 మీటర్ల బతికున్న అగ్నిపర్వతం. 2023 డిసెంబరులో పేలినప్పుడు పైకెక్కినవాళ్ళు 20 మందికి పైగా చనిపోయారు. మరుసటి మే నెలలో దాని మీది బూడిద, రాళ్ళు వాన వరదలో కిందికొచ్చి 60 మందికి పైగా పోయారు, పడాంగ్ నుంచి బుకిట్టింగి పోయే రోడ్డే తెగింది. ఎక్కొద్దంటే ఎక్కకండి. గైడు ఎవరో డబ్బులకి తీసుకెళ్తానంటాడు, వినకండి. అదే కొండ వాలులో పరియంగన్ అనే పాత ఊరు ఉంది. మినాంగ్ వాళ్ళు మా పుట్టిల్లు అదే అంటారు. వరి మళ్ళు మెట్లు మెట్లుగా దిగుతుంటాయి. ఆ మన్ను అంత సారవంతం కావడానికి కారణం ఆ కొండే. చంపేదీ అదే, పెట్టేదీ అదే.

సింగరేణి కుటుంబాలవాళ్ళు ఇక్కడ ఉంటారు కాబట్టి సవాలుంతో అనే ఊరి గురించి తప్పకుండా చెప్పాలి. డచ్చివాళ్ళు తవ్విన ఓంబిలిన్ బొగ్గు గనులు. 2019లో యునెస్కో జాబితాలో చేరాయి. తవ్వింది ఎవరు? గొలుసులు వేసి తెచ్చిన ఖైదీలు. చనిపోతే సమాధి మీద పేరు లేదు, నంబరే. ఒక సొరంగంలోకి ఇప్పుడు మనల్ని హెల్మెట్ పెట్టి దింపుతారు. పైన మ్యూజియంలో ఆ గొలుసులున్నాయి. బరువు చూడండి. నేను అక్కడ ఫొటో తీయలేదు.

పరియామన్ అనే తీరపు ఊళ్ళో మొహర్రానికి వెళ్ళగలిగితే వెళ్ళండి. బొంగులు, కాగితాలతో 10 మీటర్లకి మించిన తబుయిక్ అనే గోపురాలు రెండు కడతారు, ఆడమొహం ఉన్న రెక్కల గుర్రం మీద. ఊరంతా మోసి, డప్పులతో, సాయంత్రానికి సముద్రంలో కలిపేస్తారు. ఇది బ్రిటిష్‌వాళ్ళు సుమత్రాలోనే ఉన్న బెంకూలెన్‌కి తీసుకెళ్ళిన ఇండియా సిపాయిల నుంచి వచ్చిన ఆచారం. మన పీర్ల పండగకి దూరపు బంధువు. మన ఊళ్ళల్లో పీర్లెత్తేది అన్ని కులాలవాళ్ళూ, అక్కడ ఎత్తేది సున్నీలు. ఇది షియాల దుఃఖదినం కదా అని ఎవరూ లెక్కపెట్టరు.

టైమైపోతోందా? తిండి గురించి రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను. పడాంగ్ హోటల్లో మెనూ ఇవ్వరు. కుర్రాడు ఎడమచేతి మీద మోచేతి దాకా గిన్నెలు పేర్చుకుని వస్తాడు. ఒక్కటి కూడా ఒలకదు. టేబుల్ నింపేసి పోతాడు. తిన్నవాటికే డబ్బు, ముట్టుకోనివి వెనక్కి పోతాయి. అందులో ముఖ్యమైంది రెండాంగ్. గొడ్డుమాంసం, కొబ్బరిపాలు, పండుమిర్చి, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, పసుపాకు. గంటల తరబడి కలుపుతూనే ఉండాలి. ముందు పులుసులా ఉంటుంది, చిక్కబడితే కలియో అంటారు, నీరంతా ఇగిరి నూనె తేలి నల్లబడితే అప్పుడు రెండాంగ్. ఫ్రిజ్ లేకుండా వారాల తరబడి ఉంటుంది. దూరం పోయే కొడుక్కి కట్టివ్వడానికి అంతకంటే ఏం కావాలి? ఇంకోటి దాదిహ్. గేదెపాలు వెదురు గొట్టంలో పోసి అరిటాకు కప్పి ఉంచుతారు, తోడు వెయ్యరు, దానంతటదే తోడుకుంటుంది. చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా ఉంది. కాఫీ ఆకులు నిప్పు సెగకి ఎండబెట్టి కాచిన కషాయాన్ని కొబ్బరిచిప్పలో పోసిస్తారు. గింజలన్నీ డచ్చివాళ్ళ గోడౌన్‌కి ఇవ్వాల్సి రావడంతో జనం ఆకులు కాచుకు తాగారని చెబుతారు. రుచి నాకు నచ్చలేదు. కానీ తాగాను.

ఏమ్మా, నువ్వు చెయ్యెత్తావు. శాకాహారులకి దొరుకుతుందా అనా? దొరుకుతుంది, కాస్త అడగాలి. పనసకాయ కొబ్బరిపాల కూర ఉంటుంది, కర్రపెండలం ఆకు ఉడికించి పెడతారు, వంకాయ పండుమిర్చి వేపుడు ఉంటుంది, పచ్చిమిర్చి పచ్చడి సరేసరి. కానీ పచ్చట్లో ఎండుచేప కలిపారేమో ముందే కనుక్కో. బిలిహ్ అని సింగ్‌కరాక్ సరస్సు చిట్టిచేపలు, వాటిని ఎందులోనైనా వేసేస్తారు. మా చెల్లెలు పూర్తి శాకాహారి, ఆమె ఆ ప్రయాణమంతా పనసకాయ కూర మీదే గడిపింది. ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?